శునకరథము – సువర్ణరజము



బంగారము నెఱుగని ఇల్లును, కుక్క నెఱుగని ఊరును మన దేశమున లేవు. అయినను ఈ రెండును జతకూడి ఒక సీమ చరిత్రనే మార్చివేసిన వృత్తాంతమును తెలిసికొనవలెనన్నచో, మనము భూగోళమున చాల దూరము ఉత్తరమునకు పోవలసియుండును. అమెరికా సంయుక్తరాష్ట్రములకు చెందిన అలాస్కాయును, దానికి తూర్పున కెనడా దేశమునకు చెందిన యూకాన్ సీమయును కలిసిన హిమప్రాంతమే యది. నేడు అచ్చటికి వేసవిలో యాత్రికులు పిల్లాపాపలతో పోవుదురు. కుక్కలు లాగు బండి నెక్కుదురు, ఏటియిసుకను పళ్లెములో కడిగి బంగారు రేకుల నేరుకొందురు, సంతోషముతో మరలివత్తురు. మన తెలుగువారును ఆ యాత్రికులలో నున్నారు. అమెరికాలో ఉద్యోగములు చేయు బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు వేసవిసెలవులలో వారితో కూడ ఓడనెక్కి అలాస్కా పోయివచ్చుట ఇప్పుడు వింత కాదు. నేనును అట్లే మా కుమారుని కుటుంబముతో స్కాగ్వే అను రేవుపట్టణమునకు పోయివచ్చితిని. ఆ వినోదమునకు వెనుకనున్న చరిత్ర యేమి, బంగారము ఇసుకలో ఎట్లు చిక్కును, ఆ కుక్కలు ఎట్టివి, పిల్లలను వెంటబెట్టుకొని పోవు పెద్దలు అచ్చట ఏమి చూడవలయును, ఏమి అడుగవలయును – ఈ నాలుగు విషయములను మనవిచేయుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

ఉత్తరదిక్కునకును బంగారమునకును గల సంబంధము మన కవులకు క్రొత్తది కాదు. ధర్మరాజు రాజసూయమునకు ఉత్తరపు రాజులు చీమలు త్రవ్వితీసిన బంగారమును ద్రోణములతో కొలిచి కానుకగా తెచ్చిరని సంస్కృతభారతమున సభాపర్వము చెప్పుచున్నది. దానికి పిపీలికమనియే పేరు. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈ కానుకలను వర్ణించినవాడు ధర్మరాజు కాడు; వానిని కన్నులార చూచి, కడుపు మండి, తండ్రియొద్దకు పోయి మొఱపెట్టుకొన్న దుర్యోధనుడు. పరుల చేతి బంగారము చూచినవాని చిత్తమును ఎంతగా కలచివేయునో వ్యాసుడు అప్పుడే చూపినాడు. 1897వ సంవత్సరమున అమెరికా పడమటి రేవులలో జరిగినదియు నట్టిదే.

అంతకు ముందటి యేడు, 1896 ఆగష్టు 16వ తేదీన, యూకాన్ సీమలో క్లాండైక్ నదికి ఉపనదియైన ఒక చిన్న యేటియొద్ద బంగారము కనబడెను. దానికి అదివఱకు కుందేటియేఱని పేరు. ఆ పిమ్మట బొనాంజా యని పేరు మార్చిరి. కనుగొన్నవారు నలుగురు కలిసి తిరుగుచున్నవారు: టాగిష్ జాతికి చెందిన కేయిష్ అను నతడు – ఇతనిని తెల్లవారు స్కూకుమ్ జిమ్ అని పిలిచిరి – అతని బంధువగు డాసన్ చార్లీ, అతని తోబుట్టువగు కేట్, ఆమె భర్తయగు జార్జి కార్మాక్ అను తెల్లవాడు. మొదట చూచినది కేయిష్ అని అతనివారు చెప్పుదురు. కాని దస్తావేజులలో మొదటి హక్కుదారుగా కార్మాక్ పేరే ఎక్కెను. కేయిష్ 1916లో మరణించుచు తన ధనమును తన జాతివారి మేలునకై నిధిగా విడిచిపోయెను. ఆ తొందరపాటు కాలమున ఇంత నిబ్బరముగా ధనమును వినియోగించినవారు అరుదు.

1897 జూలైలో ఆ బంగారమును మోసికొని రెండు ఓడలు, ఒకటి సాన్ ఫ్రాన్సిస్కోకును, మఱియొకటి సియాటిల్ పట్టణమునకును చేరెను. దేశమప్పుడు 1893లో ఆరంభమైన ఆర్థికమాంద్యమున నలిగియుండెను. పనులు లేవు, బ్యాంకులు మూతపడెను. అట్టి సమయమున చిరిగిన చొక్కాలతో ఓడ దిగినవారు మూటలలో బంగారము మోసికొని నడిచిపోవుట జనులు చూచిరి. ఇక నిలుచువారెవరు? గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మంగలులు, వైద్యులు, రక్షకభటులు పనులు వదలి బయలుదేరిరి. సుమారు లక్షమంది ఇల్లు వెడలిరని చరిత్రకారుల అంచనా. అందు క్లాండైక్ చేరినవారు ముప్పదినలువది వేలు. బంగారము చేతికి చిక్కినవారు నాలుగువేలమంది యుందురేమో!

వారిలో పలువురు దిగిన రేవులే స్కాగ్వేయును, దాని ప్రక్కనున్న డయీయును. అక్కడనుండి కొండ దాటవలయును. డయీనుండి చిల్కూట్ కనుమ, స్కాగ్వేనుండి వైట్ పాస్ అను కనుమ. ఆకలిచావులు సంభవించునని భయపడి కెనడా ప్రభుత్వమువారు, ఒక యేటికి చాలిన తిండియు సామగ్రియు లేనివానిని సరిహద్దు దాటనీయమని శాసించిరి. అది మొత్తము ఇంచుమించు ఒక టన్ను బరువు. దానిని మనుష్యుడు మూపుపై కొంచెము కొంచెముగా చేరవేయవలయును. ఒక మూట పైకి మోసి, దించి, మరల క్రిందికి వచ్చి, మఱియొక మూట నెత్తుకొని – ఇట్లు ఒక్కొక్కడు పదులకొలది పర్యాయములు అదే కొండ నెక్కెను. చిల్కూట్ శిఖరము క్రింద మంచుగడ్డలో మెట్లు తొలిచిరి. 1898 ఏప్రిల్ 3వ తేదీన అచ్చట మంచుచరియ విఱిగిపడి అఱువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

వైట్ పాస్ త్రోవ కథ ఇంతకంటె దుఃఖకరము. అది గుఱ్ఱములకు అనుకూలమని చెప్పిరి. అలవాటు లేనివారు ఎక్కడెక్కడి ముసలి గుఱ్ఱములనో కొనితెచ్చి, మోయలేని బరువులు వేసి, మేత లేని రాళ్లలోనికి తోలిరి. సుమారు మూడువేల గుఱ్ఱములు ఆ దారిలో చచ్చెను. నేటికిని ఆ చోటికి చచ్చిన గుఱ్ఱముల బాట యని పేరు. 1900లో పూర్తియైన చిన్న రైలుమార్గము ఆ లోయమీదుగనే పోవుచున్నది. యాత్రికులు కిటికీలలోనుండి జలపాతములను, మంచుకొండలను చూచి ఆనందింతురు. క్రిందనున్నది ఆ నోరులేని ప్రాణుల శ్మశానమని తెలిసినవారికి ఆ సౌందర్యము వేఱొక విధముగా తోచును.

ఇంత శ్రమపడి కొండ దాటినవారు సరస్సుల యొడ్డున చెట్లు నఱికి పడవలు చేసికొని, 1898 మే నెల చివర మంచు కరగగానే ఏడువేలకు పైబడిన పడవలలో యూకాన్ నదిపై బయలుదేరిరి. డాసన్ పట్టణము చేరునప్పటికి మంచి యేళ్లన్నియు ముందే యున్నవారి స్వాధీనములో నుండెను. వచ్చినవారు కొందఱు కూలికి కుదిరిరి. కొందఱు అంగళ్లు పెట్టిరి. ఎక్కువమంది సామాను లమ్ముకొని వచ్చిన త్రోవ పట్టిరి. మఱుసటి యేడు అలాస్కా పడమటి తీరమున నోమ్ అనుచోట సముద్రపుటిసుకలోనే బంగార మున్నదన్న వార్త రాగా వేలమంది డాసన్ విడిచి అటు పరుగెత్తిరి.

అనాదిగా ఆ నదీముఖమున సాల్మన్ చేపలు పట్టుకొని జీవించు ట్రాన్‌డెక్ హ్వెచిన్ జాతివారి సంగతి యేమైనది? వారి గ్రామము పరులపాలయ్యెను. వారి నాయకుడగు ఐజాక్ తనవారిని 1897లో నదికి దిగువన మూస్‌హైడ్ అను చోటికి తరలించెను. క్రొత్తవారి రాకవలన తమ పాటలును ఆటలును నశించునని తలచి, అలాస్కాలోని చుట్టములకు వానిని నేర్పి దాచిపెట్టుడని అప్పగించెను. బంగారమును దాచువారిని చూచితిమి గాని పాటను పరులయింట దాచి కాపాడినవారి నెందును చూడలేదు. 2023లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతికసంస్థ ఆ ప్రాంతమును ట్రాన్‌డెక్-క్లాండైక్ అను పేర ప్రపంచవారసత్వ స్థలముగా ప్రకటించినది.

ఇక బంగారమును కడుగు విధము. ఇది మనకు బొత్తిగా తెలియని విద్య కాదు. కంసాలివీధిలోని మట్టిని, కాలువబురదను ఎత్తుకొనిపోయి తట్టలలో కడిగి అందలి బంగారు రజనును తీసి బ్రతుకువారు మన పట్టణములలో ఉండిరి. అలాస్కా పళ్లెములోని రహస్యమును అదియే. నీటికంటె బంగారము పందొమ్మిది రెట్లకు పైగా బరువు. మామూలు తెల్లయిసుక రెండున్నర రెట్లకు కొంచె మెక్కువ. ఇనుము కలిసిన నల్లయిసుక సుమారు ఐదు రెట్లు. ఈ మూడింటిని నీటిలో నుంచి కదలించినచో బరువైనది అడుగునకు దిగును. తేలికయైనది పైకి వచ్చును. పళ్లెమును కొంచెము వంచి త్రిప్పుచు పైయిసుకను నీటితో జార్చివేయవలయును. మొదట గులకరాళ్లు పోవును. పిదప తెల్లయిసుక పోవును. చివరకు నల్లయిసుక మిగులును. దాని యంచున గోరింటాకు పొడియంత పసుపు మెఱయును. తొందరపడి గట్టిగా త్రిప్పినచో ఇసుకతోపాటు బంగారమును పోవును. మెల్లగా త్రిప్పినను కదలిక చాలనిచో బంగారము అడుగునకు దిగదు. ఆ రెండింటికి నడుమనున్న చేతివాటమే విద్య. నది చేయు పనియు నిదియే. వేగముగా పాఱునప్పుడు మోసికొనివచ్చిన బంగారమును, మలుపుతిరిగి వేగము తగ్గినచోట వదలిపెట్టును. కావున పూర్వులు మలుపులలోను, పెద్దబండల వెనుకను వెదకిరి.

స్కాగ్వేకు వెలుపల అడవిలోనున్న ఒక శిబిరమున మా పిల్లలు పళ్లెములు పట్టిరి. మా మనుమరాలు పదియేండ్లది, మనుమడు ఆఱేండ్లవాడు. నీరు మంచువలె చల్లగా నుండుటచే వ్రేళ్లు ఎఱ్ఱబడినవి గాని వారు విడువలేదు. పావుగంటలో ఇద్దఱికిని నాలుగైదు రేకులు చొప్పున దొరకెను. వానిని నీరు నింపిన చిన్న గాజుబుడ్డిలో వేసియిచ్చిరి. చుట్టునున్న పిల్లలందఱికిని దొరకెను. ఏలయనగా, ఎవరును నిరాశపడకుండునట్లు శిబిరమువారు ముందే మట్టిలో రేకులు కలిపియుంచుదురు. ఆ సంగతి వారు దాచరు. మా మనుమరాలు బుడ్డిని వెలుతురున పట్టి చూచుచు, “తాతయ్యా, అందరికీ దొరికిందే! ఆ కాలంలో కూడా ఇలాగే అందరికీ దొరికిందా?” అని యడిగెను.

“లేదమ్మా. నూరుమంది ఇల్లు వదిలి బయలుదేరితే నలుగురికి దొరికింది,” అంటిని.

“మిగిలినవాళ్లు?”

“కొంతమంది దారిలోనే వెనక్కి తిరిగారు. కొంతమంది చేరి, ఏమీ లేక తిరిగివచ్చారు. కొంతమంది అసలు తిరిగిరానే లేదు.”

ఆ పిల్ల కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “అయితే ఇది ఆట, అది నిజం,” అనెను. ఉపాధ్యాయుడు పాఠమునకు వెదకుకొను మాట విద్యార్థి నోట వచ్చినప్పుడు కలుగు సంతోషము నాకు కలిగెను. వినోదము తప్పుకాదు. కాని ఆట యెక్కడ ముగిసి నిజ మెక్కడ మొదలగునో పిల్లలకు తెలియజెప్పుట పెద్దల వంతు.

ఇప్పుడు కుక్కల సంగతి. బంగారము ఆటయైనను, కుక్క ఆటవస్తువు కాదు. హిమదేశములలో కుక్క మనుష్యునికి బండిలాగు సహాయుడైనది నిన్నమొన్నటి మాట కాదు. సైబీరియాకు ఉత్తరమున సముద్రమునందలి జోఖోవ్ ద్వీపమున దొరకిన 9,500 ఏండ్లనాటి కుక్కయెముకను శాస్త్రజ్ఞులు పరీక్షించి, నేటి హిమప్రాంతపు బండికుక్కలు ఆ వంశమునకు దగ్గఱి చుట్టములని 2020లో తెలిపిరి. క్లాండైక్‌కు జనులు ఎగబడిన దినములలో చలికాలమున సామానులు, ఉత్తరములు, రోగులు, బంగారము – అన్నియు కుక్కలబండ్లమీదనే పోవలసివచ్చెను. మంచి కుక్క వెల వందల డాలర్లకు పెరిగెను. దక్షిణపు పట్టణములలో ఇండ్లలో పెరుగు పెద్దకుక్కలను దొంగిలించి ఉత్తరమునకు చేర్చి యమ్మిన దుర్మార్గులు నుండిరి. 1897లో స్వయముగా క్లాండైక్ పోయి రిక్తహస్తములతో వచ్చిన జాక్ లండన్ అను రచయిత, అట్లు దొంగిలింపబడిన ఒక కుక్క కథనే వ్రాసి 1903లో ప్రసిద్ధికెక్కెను. అతనికి దొరకిన బంగారము అదియే యనవచ్చును.

నేటి అలాస్కా బండికుక్క మనము బొమ్మలలో చూచు తోడేలువంటి భారీజంతువు కాదు. ఇరువదియైదు కిలోలకు లోబడిన సన్నని శరీరము, పొడుగు కాళ్లు. లోపల మెత్తని నూగు, పైన బిరుసు వెండ్రుకలు – ఇట్లు రెండు వరుసల బొచ్చు. మంచులో చుట్టుకొని పండుకొని తోకతో ముక్కు కప్పుకొనును. పాదములలో వేడినెత్తురు దిగునట్టి నాళములును, చల్లనెత్తురు తిరిగి యెక్కునట్టి నాళములును ప్రక్కప్రక్కనే యుండుటచే, దిగునది ఎక్కుదానిని వెచ్చజేయును. అందువలన మంచుపై నిలిచినను ఒడలు చల్లబడదు. దూరపు పందెములలో పరుగెత్తునపుడు ఒక్కొక్క కుక్క దినమునకు పదివేల కేలరీల ఆహారము తినును. ఇది మన తిండికి నాలుగైదింతలు. గోళ్లసందున మంచు చేరి పుండ్లు పడకుండ పాదములకు గుడ్డజోళ్లు తొడుగుదురు. చలికి ఇంతగా అమరిన ఈ శరీరమునకు ఎండయే శత్రువు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దాని ఉపాయము. కావున వేసవిలో చక్రముల బండికి కట్టి చూపు సవారి కొద్దిదూరమే యుండవలయును.

మేము చూచిన బండి మంచుపై జాఱునది కాదు. ఆకురాలు చెట్ల నడుమ మట్టిబాటపై దొర్లు చక్రముల బండి. సారథి ఒక యువతి. ఆమె పట్టెడలు చేతబట్టుకొని రాగానే అఱువది డెబ్బది కుక్కలు ఒక్కమాఱుగా ఎగిరి మొఱుగసాగెను. ఏ కుక్కను విప్పునో ఆ కుక్క సంతోషముతో గంతులు వేయును. విప్పనిది తన గూటిపై కెక్కి ఏడ్చును. బడిలో ఆటకు ఎన్నుకొననప్పుడు పిల్లలు చేయునదియు నిట్లే. మన అరకలో దాపలి గిత్త, వలపలి గిత్త యని స్థానము లున్నట్లు, ఇందును పేర్లు కలవు. అన్నిటికంటె ముందు త్రోవ చూపు నాయకశునకములు; బండికి ఆనుకొని బరువు పట్టునవి బలిష్ఠములు. పగ్గములు లేవు, కొరడా లేదు, మాటయే సాధనము. ‘జీ’ యన్నచో కుడికి, ‘హా’ యన్నచో ఎడమకు, ‘వో’ యన్నచో నిలుచుట. బయలుదేఱునపుడు ‘హైక్’ అందురు. ఆ మాట వినబడినంతనే కలకలమంతయు అణగిపోయెను. పదునాఱు కుక్కలు మౌనముగా లాగసాగినవి. వినబడునది చక్రముల చప్పుడును ఊపిరులును మాత్రమే. బలవంతముగా చేయించు పనికిని, ఇష్టముతో చేయు పనికిని గల భేదము చెవికే తెలిసెను.

ఈ జంతువులు చేసిన మహోపకారము నొకదానిని చెప్పక విడువరాదు. 1925 జనవరిలో నోమ్ పట్టణమున పిల్లలకు గొంతువ్యాధి, అనగా డిఫ్తీరియా, వ్యాపించెను. మందు చాలినంత లేదు. సముద్రము గడ్డకట్టుటచే ఓడ రాదు. ఉన్న విమానములు ఆ చలిలో ఎగురునవి కావు. రైలు నెనానా యను ఊరివఱకే కలదు. అక్కడనుండి నోమ్ 674 మైళ్లు. ఇరువదిమంది సారథులు, సుమారు నూటయేబది కుక్కలు, ఒకరిచేతినుండి ఒకరికి అందించుకొనుచు, ఘోరమైన మంచుతుఫానులో ఆ మందును ఐదున్నర దినముల లోపల చేర్చిరి. సెప్పాలా యను సారథియు, పండ్రెండేండ్ల ముసలిదగు టోగో యను అతని నాయకశునకమును అందఱికంటె దీర్ఘమును, అపాయకరమునగు భాగమును దాటిరి. చివరి మజిలీ నడిపినది బాల్టో యను కుక్క. ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున మందు నోమ్ చేరెను. ఆ డిసెంబరులోనే న్యూయార్కు ఉద్యానవనమున బాల్టోకు కంచువిగ్రహము నిలిపిరి.

విగ్రహము నిలిపినంతట కథ ముగియలేదు. బాల్టోయును దాని జతకుక్కలును చేతులు మాఱి, రెండేండ్లలో లాస్ ఏంజిల్స్ పట్టణమున ఒక చిల్లర ప్రదర్శనశాలలో కట్టుపడి, సరియైన తిండియు పోషణయు లేక కృశించుచుండెను. ఒకచోట కంచుబొమ్మకు పూలదండలు. మఱియొకచోట ప్రాణమున్న కుక్కకు గొలుసు! 1927లో క్లీవ్‌లాండ్ నగరపు వర్తకు డొకడు దానిని చూచి చలించి, విడిపించుటకు రెండువేల డాలర్లు కావలయునని తనయూరిలో చాటించెను. పనివారును, వర్తకులును, ముఖ్యముగా బడిపిల్లలును తమ చిల్లరకాసులు పోగుచేసి యిచ్చిరి. పది దినములలో సొమ్ము సమకూడెను. ఏడు కుక్కలు ఆ నగరపు జంతుశాలకు వచ్చి సుఖముగా జీవించెను. బాల్టో 1933లో కన్నుమూసెను. పిల్లలకొఱకు పరుగెత్తిన కుక్కలను కడపట పిల్లలే విడిపించిరి. బంగారము వెదకుటకు ఏర్పడిన ఊరి కథలో, నాకు తోచినంతవఱకు, మేలిమి బంగార మీ ఘట్టమే.

1960 తరువాత మంచుపై నడుచు యంత్రపు బండ్లు రాగా పల్లెలలో కుక్కలు తగ్గిపోయెను. ఈ విద్య నశించునని చింతించి జో రెడింగ్టన్ మొదలగువారు 1973లో ఇడిటరాడ్ అను సుమారు వేయిమైళ్ల పందెమును నోమ్ వఱకు నెలకొల్పిరి. 1985లో లిబ్బీ రిడిల్స్ అను స్త్రీ అందు గెలిచి, ఇది పురుషులకే చెల్లు పని కాదని చూపెను. డెనాలి జాతీయోద్యానమున 1922 మొదలుకొని నేటివఱకు రక్షకులు చలికాలమున కుక్కలబండ్లతోనే అరణ్యమును కాచుచున్నారు. అచ్చట కుక్కకు ఇంచుమించు తొమ్మిదవయేట విశ్రాంతి. పిదప తగిన కుటుంబమును చూచి పెంపున కిత్తురు.

అయితే అన్నిచోట్లను ఇట్లే యని చెప్పరాదు. పందెములలో కుక్కలు చనిపోయిన సందర్భములు కలవు. దానిని ప్రాణిదయాపరులు గట్టిగా ఖండించుచున్నారు. 2010లో కెనడాలోని విస్లర్ అనుచోట, శీతకాలపు ఒలింపిక్ క్రీడల పిమ్మట యాత్రికులు తగ్గగా, పోషణభారమని తలచి యాభైకి పైగా బండికుక్కలను చంపి పూడ్చిపెట్టిరి. మఱుసటి యేడు ఆ ఘోరము బయటపడగా లోకము నివ్వెఱపోయెను. తదనంతరము అక్కడి ప్రభుత్వము బండికుక్కల పోషణకు చట్టబద్ధమైన నియమము లేర్పఱచెను. వేసవిలో పిల్లలు ముద్దుపెట్టుకొని పోయిన కుక్కకు చలికాలమున ఏమగునో, ముసలిదైన పిమ్మట ఏమగునో అడుగువా డొకడు ఉండవలయునని ఆ సంఘటన బోధించుచున్నది.

మన భారతము ఆరంభమున కుక్క కలదు. అంతమున కుక్క కలదు. ఆదిపర్వమున ఏ తప్పును చేయని సారమేయుని జనమేజయుని తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి న్యాయ మడిగి, నిష్కారణముగా దీనులను హింసించినవారికి అనుకొనని భయములు వచ్చునని పలికెను. మహాప్రాస్థానికపర్వమున వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచెను. ఈ రెండు కుక్కల నడుమనే అంత మహాయుద్ధమును జరిగినది. బలముగలవాడు తన్ను నమ్ముకొన్న మూగప్రాణి యెడల ఎట్లు ప్రవర్తించెనన్నదే గ్రంథము మొదటను తుదను కవి పెట్టిన పరీక్ష. వైట్ పాస్ కనుమలో గుఱ్ఱములను తోలినవారు ఆ పరీక్షలో తప్పిరి. క్లీవ్‌లాండ్ బడిపిల్లలు నెగ్గిరి.

కావున పిల్లలతో అట్టి యాత్రకు పోవు పెద్దలకు నా మనవి యిది. సొమ్ము చెల్లించుటకు ముందే అడుగుడు. కుక్కలు రోజులో ఎంతసేపు గొలుసున నుండును, ఎంతసేపు స్వేచ్ఛగా తిరుగును? ఎండ యెక్కువైన దినమున సవారి మానుదురా? ఒక్కొక్క జట్టు దినమునకు ఎన్నిమాఱులు లాగును? నీరును నీడయు చాలినంత కలవా? చలికాలమున వీని పోషణ యెవరిది? ముసలివైనపుడు ఎక్కడికి పోవును? మంచివారు ఈ ప్రశ్నలకు కోపగింపరు, సంతోషింతురు. నేను మా సారథిని కడపటి ప్రశ్న యడుగగా ఆమె నవ్వి, ఎండలో పడుకొనియున్న ఒక నెఱసిన మూతి కుక్కను చూపెను. దానికి పదునొకండేండ్లట. ఇప్పుడు లాగదు. కూనలు హద్దుమీఱినపుడు ఒక్కమాఱు గుఱ్ఱుమని బుద్ధిచెప్పుటయే దాని యుద్యోగము. రాత్రి ఆమె యింటిలోనే నిద్ర. నేనును విశ్రాంతివేతనము తినువాడనే గనుక దానిని చూచి నాకు సహోద్యోగిని చూచినట్లయ్యెను. ఆ సమాధానము వినిన పిమ్మటనే కూనలను ఎత్తుకొన్న మా పిల్లల సంతోషము నాకును సంపూర్ణముగా పట్టినది.

పిల్లల ఎదుటనే ఈ ప్రశ్నల నడుగుడు. జవాబు అర్థమైనను కాకున్నను, మనకు సంతోషమిచ్చిన ప్రాణి క్షేమమును విచారించుట మర్యాదయని వారికి తెలియును. పళ్లెములో దొరకిన రేకుల వెల బజారులో ఎంతయో చెప్పవచ్చును, పెరుగును, తగ్గును. కుక్క మన కిచ్చునది అట్లు తూచునది కాదు. దానికి మనము తిరిగి యీయగలిగినది తిండి, నీడ, ముసలితనమున ఒక చోటు. ఇది అలాస్కాకు పోగలిగినవారికే చెప్పు మాట కాదు. మన వీధిలో బరువు లాగు ఎద్దునకును, గుడిసెకు కాపుండు ఊరకుక్కకును ఇదే లెక్క. ఎక్కడ నున్నను ఆ లెక్కను తప్పక తీర్చుకొందుము గాక.

సెలవు. స్వస్తి.